ఆక్సిజన్ సంగతి తర్వాత, ముందు నీడ సంగతి

ఈసారి ఉత్తరాల కట్టలో సగం చెట్ల గురించే. ముప్పయ్యేళ్ళు వృక్షశాస్త్రం చెప్పిన నోరు ఊరుకోదు కదా, నాలుగు ఉత్తరాలు తీసి పక్కన పెట్టుకున్నాను.

ప్రశ్న: టీచరుగారూ, నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను. ‘చెట్ల వల్ల ఉపయోగాలు’ మీద బడిలో మాట్లాడాలి. అందరూ ‘చెట్లు మనకు ఆక్సిజన్ ఇస్తాయి’ అనే మొదలుపెడతారు. నేను వేరేగా ఏం చెప్పను?
– ఒక విద్యార్థిని

జవాబు: బంగారుతల్లీ, ఆ వాక్యాన్ని నేనూ పిల్లలచేత కొన్ని వేలసార్లు వల్లెవేయించాను. తప్పు కాదు గానీ, మొక్క నాటడానికి అది గట్టి కారణం కాదు. గాలిలో దాదాపు 21 శాతం ఆక్సిజనే ఉంది. పైగా చెట్టు విడిచిన ఆక్సిజన్‌లో చాలావరకు దాని శ్వాసకీ, రాలిన ఆకులూ పడిపోయిన మానులూ కుళ్ళడానికీ తిరిగి ఖర్చయిపోతుంది. ఈ ఏడాది నువ్వు మొక్క నాటకపోతే ఎవరికీ ఊపిరాడకపోదు. ఎండకి మాత్రం మాడిపోతాం.

ఒక పని చెయ్. పొద్దున పదింటికి, ఎండ తగిలే కొమ్మ చివర ఆకుల గుత్తికి పల్చటి ప్లాస్టిక్ సంచి తొడిగి మూతి బిగించి కట్టు. రెండు గంటలాగి చూడు. సంచి లోపల పొగమంచు పట్టినట్టు తెల్లబడి, అడుగున నీటిచుక్కలు చేరి ఉంటాయి. వేళ్ళు మట్టిలోంచి లాగిన నీరది. ఆకు అడుగున కంటికి కనబడని పత్రరంధ్రాల్లోంచి ఆవిరై బయటికి వచ్చింది. చూశాక సంచి తీసెయ్, పాపం ఆకులు ఉడికిపోతాయి.

లీటరు నీరు ఆవిరవ్వాలంటే సుమారు 2,400 కిలోజౌళ్ళ వేడి కావాలి. ఆ వేడిని ఆకూ, దాని చుట్టూ ఉన్న గాలీ ఇస్తాయి, ఇచ్చి చల్లబడతాయి. బాగా ఎదిగిన చెట్టు, వేళ్ళకి తడి అందుతుంటే, ఎండ రోజున 100 లీటర్లు ఆవిరి చేయడం పెద్ద విశేషం కాదు. లెక్క వేస్తే అది ఒకటిన్నర టన్నుల ఏసీ పదమూడు గంటలు తిరిగితే గదిలోంచి తీసేసేంత వేడి. ఏసీ ఆ వేడిని తీసి వీధిలో పోస్తుంది, చెట్టు అలా చేయదు. అందుకే రేకు కిందా నీడే, చెట్టు కిందా నీడే అయినా రెండూ ఒకటి కావు. ఎండకి కాలిన రేకు నీ నెత్తిమీదకే సెగ కొడుతుంది. నమ్మకం లేకపోతే రెండింటి కిందా అయిదేసి నిమిషాలు నిలబడి చూడు. ఉపన్యాసానికి అంతకంటే మంచి మొదలు ఉండదు.

ఇంకో ముక్క కావాలంటే వాన్ హెల్మాంట్ అనే పాతకాలపు శాస్త్రవేత్త కథ చెప్పు. 1648లో, ఆయన పోయాక, అచ్చయిన ప్రయోగమిది. తొట్టిలో 200 పౌన్ల పొడి మట్టి పోసి 5 పౌన్ల విల్లో మొక్క నాటాడు. అయిదేళ్ళు నీళ్ళు తప్ప ఇంకేమీ పోయలేదు. చెట్టు 169 పౌన్లయింది, మట్టి తగ్గింది రెండు ఔన్సులే! అంతా నీళ్ళలోంచే వచ్చిందనుకున్నాడాయన. చెట్టు గాలిలోంచి కూడా తీసుకుంటుందని అప్పటికి తెలియదు. ఎండిన కలపలో దాదాపు సగం బరువు కార్బన్, అదంతా గాలిలో ఉండే కార్బన్ డయాక్సైడ్‌లోంచి తీసుకున్నదే. మీ తరగతి గది చెక్కతలుపు 20 కిలోలుందనుకో, ఒక చెట్టు గాలిలోంచి 36 కిలోలకు పైగా ఆ వాయువును పీల్చి దాన్ని కట్టినట్టు లెక్క. మాట్లాడేటప్పుడు ఆ తలుపు మీద చెయ్యేసి చెప్పు.

ప్రశ్న: అమ్మా, రాత్రిపూట చెట్టు కింద పడుకుంటే ప్రాణానికి ప్రమాదమంటారు. కొన్ని చెట్లు మాత్రం రాత్రంతా ఆక్సిజన్ ఇస్తాయంటారు. ఏది నిజం?
– పేరు రాయని పాఠకుడు

జవాబు: రెండూ కాదు. వెలుతురు ఉంటేనే మొక్క ఆక్సిజన్ విడుస్తుందని శాస్త్రవేత్త యాన్ ఇంగెన్‌హౌజ్ 1779లోనే చూపించాడు. చీకట్లో చెట్టూ మనలాగే ఊపిరి పీల్చి కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. ఆరుబయట అది పోగుపడదు, గాలికి చెదిరిపోతుంది. నిశ్చింతగా పడుకోండి. కాకపోతే పైన ఎండుకొమ్మలున్నాయా, కింద చీమలపుట్ట ఉందా అని ఒకసారి చూసుకోండి.

ప్రశ్న: మేడమ్, మా అపార్ట్‌మెంట్ వాళ్ళం అందరం కలిసి పోయిన వానాకాలం 50 మొక్కలు నాటాం. లోతుగా గోతులు తీసి, గట్టిగా నిలబడాలని కాండాన్ని జానెడు మేర మట్టిలోకి పూడ్చాం. రోజూ తలా ఒక మగ్గు నీళ్ళు పోశాం. ఆరే మిగిలాయి. ఎక్కడ పొరపాటు జరిగింది?
– అసోసియేషన్ కార్యదర్శి

జవాబు: ఆ జానెడే కొంప ముంచింది బాబూ. కాండం కిందకి దిగి వేళ్ళుగా విచ్చుకునే మెడ మట్టికి పైనే కనబడుతుండాలి. అది పూడుకుపోతే బెరడు నాని కుళ్ళుతుంది, వేళ్ళకి గాలి ఆడదు. చెట్టు వేళ్ళలో ఎక్కువభాగం పైనున్న రెండడుగుల మట్టిలోనే పక్కలకి పాకుతాయి. అందుకని గొయ్యి లోతుకన్నా వెడల్పు ముఖ్యం.

రోజూ మగ్గు నీళ్ళంటే పైమట్టి తడిసి ఆరిపోవడమే. మూడడుగుల పాదు చేసి, మూడు నాలుగు రోజులకోసారి బకెట్టు నీళ్ళు నెమ్మదిగా ఇంకేలా పోయండి. పాదులో ఎండుటాకులు పరవండి, కాండానికి మాత్రం తగలనివ్వకండి. నల్ల కవరు చింపినప్పుడు వేళ్ళు గిర్రున చుట్ట చుట్టుకుని ఉన్నాయా? ఉంటే జాలిపడకుండా రెండు మూడు చోట్ల కోసి విడదీయాలి. లేకపోతే నేలలోనూ అలాగే తిరిగి, పదేళ్ళకి కాండం మెడకే ఉరి బిగిస్తాయి.

ఉరి అంటే గుర్తొచ్చింది. నా చేతులతో నేనే ఒక చెట్టును చంపాను. పాఠాలు చెప్పే రోజుల్లోనే, మేముండే ఇంటి ముందు ఒక మొక్కకి ఊతకర్ర పెట్టి ఇనప తీగతో కట్టాను. మొక్క నిలదొక్కుకుంది, నేను తీగ మర్చిపోయాను. మూడేళ్ళకి చూస్తే తీగ కనబడలేదు, బెరడు దాన్ని మింగేసింది. దాని పైన కాండం బానపొట్టలా ఉబ్బింది, కింద సన్నగానే ఉండిపోయింది. ఆకులు తయారుచేసిన చక్కెర బెరడు లోపలి పొరలోంచే వేళ్ళకి దిగాలి. దారి మూసుకుపోతే పైన తిండి పోగుపడుతుంది, కింద వేళ్ళు పస్తులుంటాయి. మరుసటేడు వేసవి దాటలేదది. పిల్లలకి ఆ పొర బొమ్మ ఎన్నిసార్లు గీసి చూపించానో!

మీ ఆరు మొక్కలకీ తీగలుంటే ఈ ఆదివారమే విప్పండి. గుడ్డపీలికతో వదులుగా, గాలికి కాస్త ఊగేలా కట్టండి. ఊగితేనే కాండం బలుస్తుంది. ఏడాది తిరిగేసరికి కర్ర కూడా తీసేయండి. ఈసారి 50 వద్దు, మీరు నీళ్ళు మోయగలిగినన్నే నాటండి, అవీ నాలుగైదు రకాలు. అంతా ఒకే రకమైతే ఒక్క పురుగు చాలు. అమెరికాలోని మిషిగన్‌లో 2002లో బయటపడిన చిన్న పచ్చపురుగు అక్కడి యాష్ చెట్లను కోట్లలో తినేసింది. వీధులకి వీధులే బోడిగా మిగిలాయి.

ప్రశ్న: అక్కయ్యా, మా పెరట్లో రెండడుగుల మందం కాండంతో పాతచెట్టు ఉంది. వేరు ప్రహరీగోడని చీల్చిందనీ, రోజూ ఆకులు ఊడ్వలేకపోతున్నామనీ మా అబ్బాయి కొట్టేద్దామంటున్నాడు. బదులుగా పది మొక్కలు నాటతానంటున్నాడు. మా వారు మంచాన పడి ఏడాదైంది, ఆయనకి కనబడేదల్లా ఆ చెట్టే.
– ఒక ఇల్లాలు

జవాబు: అబ్బాయిచేత లెక్క వేయించమ్మా. అంగుళం మందం మొక్కతో పోలిస్తే రెండడుగుల మాను 24 రెట్లు లావు. అంటే అడ్డంగా కోస్తే కనబడే వైశాల్యం 576 రెట్లు. పది మొక్కలు ఏ మూలకి? అవి ఎదిగేలోపు అతనికే తల నెరుస్తుంది.

వేరు గట్టి గోడని పొడుచుకుని పోదు. అప్పటికే ఉన్న పగుల్లోకి దూరి లావెక్కుతుంది. ఆ చోట గోడ విప్పి, వేరు మీదుగా దూలం వేసి మళ్ళీ కట్టించవచ్చు. మాను దగ్గరి లావు వేళ్ళని మాత్రం నరకనివ్వకండి, గాలివానకి పడిపోతుంది. ఊడ్చిన ఆకులు పాదులోకే తోయండి.

మీవారి మాటకి వస్తే, రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు 1984లో ఒక పరిశీలన ప్రచురించాడు. పిత్తాశయం ఆపరేషనైన 46 మందిలో సగంమందికి కిటికీలోంచి చెట్లు కనబడేవి, సగంమందికి ఇటుకగోడ. చెట్లు కనబడినవాళ్ళు సగటున ముప్పావు రోజు ముందే ఇంటికెళ్ళారు, గట్టి నొప్పిమందులూ తక్కువే వాడారు. చిన్న పరిశీలనే, చెట్టు రోగం కుదురుస్తుందని నేననను.

ఎండుకొమ్మలు తీయించండి చాలు, తల మొత్తం నరికించవద్దు. మొండిగా నరికిన చోట పుట్టే రెమ్మలకి పట్టు తక్కువ, గాలికి విరిగి మీద పడేవి అవే. కొమ్మలు తీసే మనిషి వచ్చినప్పుడు ముందు మీవారి మంచం మీద తలగడ దగ్గర కూర్చుని కిటికీలోంచి చూడండి. ఏ కొమ్మ ఎదురుగా కనబడుతుందో దానికి గుడ్డ కట్టి, అది ముట్టుకోవద్దని చెప్పండి.