భూమి కంపించాక బయట పడుకోవాలా? ముందు మీ గోడలు చూసుకోండి

2024 డిసెంబరు 7న మహబూబ్‌నగర్ జిల్లాలో భూమి కంపించినప్పటి నుంచి ఇంట్లో కంటిమీద కునుకు లేదని, కొన్నాళ్లు బయట పడుకోవడం మంచిదా అని అడిగారు. అక్కడ నమోదైన తీవ్రత 3.0. మాది పాత నల్గొండ జిల్లా, చింతలపాలెం మండలం. 2020 జనవరి 26న మాకు వచ్చింది 4.6.

రాత్రి రెండున్నర దాటాక ముందు చప్పుడు వచ్చింది, నేల అడుగున బరువు లారీ పోతున్నట్టు. ఆ వెంటనే అటక మీది ఇత్తడి బిందెలు ఒకదానికొకటి తగిలి మోగాయి. అమ్మ పడుకునేది సరిగ్గా వాటి కిందే. "లేవరా, పిల్లలను ఎత్తుకో" అని ఆమె అరిచేసరికే నా భార్య చిన్నవాణ్ని చంకనేసుకుని గడప దాటింది. చెప్పులు లేకుండా వీధిలోకి వస్తే ఊరంతా అక్కడే ఉంది. మా వైపు సిమెంటు ఫ్యాక్టరీల క్వారీలు ఎక్కువ. అంతకుముందు వచ్చిన చిన్న అదుర్లను చాలామంది ఆ పేలుళ్ల ఖాతాలోనే వేశారు. అర్ధరాత్రి క్వారీలో ఎవరు పేలుస్తారు? తెల్లారి బడిలో జెండా కింద నింద పులిచింతల జలాశయంలో నిలిపిన నీళ్ల మీదికి మళ్లింది.

"చిన్నవి వచ్చిపోతే మంచిదే, ఇక పెద్దది రాదు" అని మీకూ ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. నమ్మకండి. తీవ్రత ఒక అంకె పెరిగితే వెలువడే శక్తి దాదాపు 32 రెట్లు పెరుగుతుంది. నాలుగైదు చిన్న కుదుపులతో తీరే బాకీ కాదది.

ఇక మీ ప్రశ్న. రాళ్లను మట్టితో పేర్చి కట్టిన పాత ఇల్లయితే, కుదుపులు ఆగేదాకా బయటే పడుకోండి, ఎవరు నవ్వినా సరే. 1993లో మహారాష్ట్రలోని కిల్లారిలో భూకంపం వచ్చినప్పుడు వేల మంది ప్రాణాలు తీసినవి అలాంటి గోడలే. పిల్లర్లు, బీములతో సరిగ్గా కట్టిన ఇల్లయితే చలిలో ముసలివాళ్లను వణికించాల్సిన పని లేదు. మా ఇంట్లో ముందు గది పిల్లర్లతో కట్టింది కాబట్టి అందరం అందులోకి మారాం, బిందెలన్నీ కిందికి దించాం. అటక, బీరువా, గోడ గడియారం, ఏదీ తలమీద పడేలా ఉండకూడదు. కుదుపు మొదలైతే మెట్ల వైపు పరుగెత్తకుండా గట్టి బల్ల కింద దూరి దాని కాళ్లు పట్టుకోండి.

గోడ పగిలితే వెంటనే సిమెంటు పూయించకండి. పగులు చివర పెన్సిలుతో అడ్డగీత గీసి తేదీ రాయండి. గీత దాటి పెరిగితే ఇంజినీరును పిలవండి. ముందే పూసేస్తే పెరుగుతోందో లేదో ఆయనకూ తెలియదు.