కన్వర్టిబుల్‌లో సౌండ్ సిస్టమ్ మార్పిస్తే కారు వారంటీ మొత్తం పోతుందా?

ప్రశ్న: మాది నెల్లూరు. ఉద్యోగరీత్యా బెంగళూరు మారతహళ్ళిలో ఉంటున్నాం. పద్నాలుగు నెలల క్రితం నా భార్య పేరు మీద ఒక విదేశీ కంపెనీ కన్వర్టిబుల్ కారు (పైకప్పు, అంటే టాప్, మడిచి దించుకోగల కారు) కొన్నాం. ఆన్‌రోడ్ 60 లక్షలు దాటింది. టాప్ దించి వెళ్తుంటే గాలి హోరులో కంపెనీ స్పీకర్లు వినపడటం లేదని ఐదు నెలల క్రితం జేసీ రోడ్డులో ఒక షాపులో డోర్ స్పీకర్లు, యాంప్లిఫయర్, డిక్కీలో సబ్‌ఊఫర్ పెట్టించాను. మొత్తం 1,85,000 రూపాయలు అయింది. బిల్లు మాత్రం 1,10,000కే ఇచ్చారు, మిగతాది షాపు కుర్రాడి నంబరుకు యూపీఐ చేయమన్నారు. గత నెల హెబ్బాళ దగ్గర వాన మొదలైతే టాప్ మూయబోయాం, సగంలో ఆగిపోయింది. సీట్లు, కార్పెట్ తడిసి ముద్దయ్యాయి. 'బయట వైరింగ్ చేయించారు కాబట్టి కారు వారంటీ మొత్తం రద్దు' అని షోరూమ్ వాళ్లు నోటిమాటగా చెప్పి 4,60,000 ఎస్టిమేట్ ఇచ్చారు. షాపువాడు తనకు సంబంధం లేదంటూనే, కారు తెస్తే ఒకసారి చూస్తానంటున్నాడు. ఎలక్ట్రికల్ సమస్యలు కవర్ కావని ఇన్సూరెన్స్ వాళ్లన్నారు. ఇది చాలదన్నట్టు రాత్రిపూట పార్కింగ్‌లో పాటల సౌండ్ ఎక్కువని అపార్ట్‌మెంట్ అసోసియేషన్ నోటీసు పంపింది. అసలు ఈ సిస్టమే చట్టవిరుద్ధమని, ఆర్సీ రద్దవుతుందని మా బ్లాకులో ఒకాయన అంటున్నారు. కారు ఇప్పుడు షోరూమ్‌లోనే ఉంది. చాలా టెన్షన్‌గా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: కారును షాపువాడి దగ్గరకు తీసుకెళ్లకండి, మొదలు అక్కడ పెట్టండి. అతను మంచి ఉద్దేశంతోనే పిలుస్తూ ఉండవచ్చు. కానీ అతని చేయి ఒక్కసారి ఆ వైర్ల మీద పడిందంటే, ఏ వైరు ఎవరు కోశారో, ఏ ఫ్యూజు ఎప్పుడు మారిందో తేల్చే దారి ఉండదు. షోరూమ్ వాళ్లను కూడా మీ లిఖితపూర్వక అనుమతి లేకుండా యాంప్లిఫయర్ విప్పవద్దని, పాత భాగాలు పారేయవద్దని ఈరోజే ఈమెయిల్ చేయండి. మీ కేసులో గెలుపోటములు సెక్షన్ల కంటే ఎక్కువగా ఒకే ప్రశ్న మీద ఆధారపడి ఉన్నాయి: టాప్ ఎందుకు ఆగింది?

ఆ కారణం నాలుగైదు రకాలుగా ఉండవచ్చు. ఒక్కో కారణానికి బాధ్యుడు వేరు. టాప్‌ను నడిపే మోటారు, హైడ్రాలిక్ పంపు పనిచేసేటప్పుడు బ్యాటరీ నుంచి గట్టిగా కరెంటు లాగుతాయి. వోల్టేజీ పడిపోతే చాలా మోడళ్లలో కంట్రోల్ యూనిట్ తనంతట తానే టాప్‌ను ఆపేస్తుంది. యాంప్లిఫయర్ కనెక్షన్ తప్పుగా ఇచ్చి, కారు ఆపాక కూడా అది కరెంటు తాగుతూ ఉంటే ఇలా జరగవచ్చు. అప్పుడు బాధ్యత షాపుది. టాప్ మడిచి కూర్చునే చోటికి, సామాను పెట్టుకునే చోటికి మధ్య డిక్కీలో ఒక పలక ఉంటుంది. అది సరిగ్గా దిగి ఉందని సెన్సర్ చెప్పకపోతే టాప్ కదలదు. సబ్‌ఊఫర్ పెట్టె ఆ పలకను నొక్కుతూ ఉంటే, దాన్ని పక్కకు జరిపితే సమస్య తీరిపోతుంది. దానికి 4,60,000 ఎందుకు అవుతుంది? ఒరిజినల్ వైరింగ్ హార్నెస్‌ను (కంపెనీ అమర్చిన వైర్ల కట్టను) కోసి అతుకు వేసి, ఆ అతుకు దగ్గర షార్ట్ అయి ఉంటే అది మళ్లీ షాపు తప్పే. ఇవేవీ కాక, హైడ్రాలిక్ పంపే లోపభూయిష్టమై ఉంటే, స్పీకర్లు మార్చారా లేదా అన్నదానితో నిమిత్తం లేకుండా ఆ ఖర్చు కంపెనీ పెట్టుకోవాలి.

అందుకే షోరూమ్‌కు రాతపూర్వకంగా అడగండి: కంప్యూటర్‌లో వచ్చిన ఫాల్ట్ కోడ్‌ల ప్రింటు, దెబ్బతిన్న చోటి ఫొటోలు, జాబ్ కార్డు కాపీ, 4,60,000లో ఏ భాగానికి ఎంత అన్న వివరం, వారంటీ బుక్‌లెట్‌లో ఏ నిబంధన కింద నిరాకరిస్తున్నారో ఆ నిబంధన నంబరు. వారం గడువు ఇవ్వండి. నోటిమాటతో 'వారంటీ మొత్తం రద్దు' అన్నవాళ్లు కాగితం మీద పెట్టమనేసరికి 'రూఫ్ సిస్టమ్‌కు మాత్రమే వర్తించదు' అని తగ్గడం మామూలే. ఆ ఒక్క మార్పుతో మీ ఇంజిన్, గేర్‌బాక్స్ వారంటీ నిలుస్తుంది. తర్వాత సర్టిఫికెట్ ఉన్న ఒక స్వతంత్ర ఆటోమొబైల్ ఇంజనీరు గానీ లైసెన్సు ఉన్న మోటార్ సర్వేయర్ (బండికి జరిగిన నష్టాన్ని అంచనా వేసే నిపుణుడు) గానీ కారు చూడటానికి తేదీ పెట్టి, ఆ రోజు రమ్మని షాపుకూ షోరూమ్‌కూ ముందుగా ఈమెయిల్ పంపండి. రాకపోతే ఆ రాకపోవడం కూడా మీకు సాక్ష్యమే.

ఇప్పుడు 'వారంటీ మొత్తం' అన్న మాట సంగతి. 2014 ఆగస్టు 25న మార్కెట్‌లో పోటీకి అడ్డుపడే పద్ధతులను అరికట్టే కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీల మీద ఇచ్చిన ఉత్తర్వు మీకు పనికొస్తుంది. బయటి మెకానిక్ దగ్గర రిపేరు చేయించారన్న ఒక్క కారణంతో వారంటీ పూర్తిగా రద్దవుతుందని గుండుగుత్తగా షరతు పెట్టకూడదని అందులో ఆదేశించింది. అదే సమయంలో, బయటివాడి నాసిరకం పని వల్ల కలిగిన నష్టం మేరకు కంపెనీ తన బాధ్యతను పరిమితం చేసుకోవచ్చని కూడా చెప్పింది. ఆ ఉత్తర్వు మీద కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. పైగా అందులోని విషయం రిపేర్లు, స్పేర్ పార్టులే తప్ప సౌండ్ సిస్టమ్‌లు కావు. కాబట్టి దాన్ని బ్రహ్మాస్త్రంలా చూపించలేం. కానీ అందులోని తర్కం వినియోగదారుల కమిషన్ ముందు బలంగా నిలుస్తుందని నా నమ్మకం. బయటి పనికీ చెడిన భాగానికీ సంబంధం ఉందని, మినహాయింపు కోరుతున్న కంపెనీయే చూపించాలి.

షాపు విషయంలో మీరు భయపడుతున్నంత బలహీనంగా లేరు. బిల్లు 1,10,000కే ఉన్నా, మిగతా 75,000 యూపీఐలో పోయింది కదా, అది నగదు కంటే నయం. బ్యాంకు స్టేట్‌మెంట్, ఆ నంబరుకు పంపమని షాపు యజమాని పెట్టిన వాట్సాప్ మెసేజ్, కొటేషన్ ఫొటో అన్నీ దాచండి. ఫోనులోని రికార్డును సాక్ష్యంగా పెట్టేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం 2023, సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జత చేయాలి. మీ వకీలు తయారు చేస్తారు. బిల్లు ఇవ్వకపోవడం వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం అనుచిత వ్యాపార విధానం, సెక్షన్ 2(47) చూడండి. పని సరిగా చేయకపోవడం సేవాలోపం. 'ఫిట్టింగ్ తర్వాత గ్యారంటీ లేదు' అని బిల్లు కింద అచ్చువేసుకున్నంత మాత్రాన సేవాలోపం నుంచి తప్పించుకోలేరు. కారు మీ భార్య పేరిట, బిల్లు మీ పేరిట ఉండటం కూడా అడ్డు కాదు. కొన్నవారి అనుమతితో వాడుకునేవారు కూడా చట్టం దృష్టిలో వినియోగదారులే. అయినా ఇద్దరూ కలిసి ఫిర్యాదు వేయండి, ఎదుటివాళ్లకు వాదించడానికి ఒక సాకు తగ్గుతుంది.

ఎక్కడ వేయాలన్నది మాత్రం జాగ్రత్తగా ఆలోచించాల్సిన విషయం, చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. 2019 చట్టంలో కమిషన్ పరిధిని నిర్ణయించేది మీరు అడిగే నష్టపరిహారం కాదు, వస్తువుకో సేవకో మీరు చెల్లించిన మొత్తం. ఈ పద్ధతి సరైనదేనని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో సమర్థించింది. 50 లక్షల వరకు జిల్లా కమిషన్, అక్కడి నుంచి 2 కోట్ల వరకు రాష్ట్ర కమిషన్. షాపు ఒక్కదాని మీదే వేస్తే చెల్లించింది 1,85,000 కాబట్టి జిల్లా కమిషన్‌కు వెళ్తారు. 5 లక్షల లోపు కాబట్టి ఫీజు కూడా ఉండదు. షోరూమ్‌నూ కార్ల కంపెనీనీ కలిపితే కారు ధర లెక్కలోకి వచ్చి రాష్ట్ర కమిషన్‌కు పోవాలి. ఇంజనీరు రిపోర్టులో తప్పు స్పష్టంగా షాపుదని తేలితే, షాపు మీద మాత్రమే జిల్లా కమిషన్‌లో వేసి రిపేరు ఖర్చు, తడిసిన సీట్ల ఖర్చు, కారు లేనన్నాళ్లూ పడిన ఇబ్బందికి పరిహారం అన్నీ అక్కడే అడగండి. కారణం సందేహాస్పదంగా ఉంటే ముగ్గురినీ ఒకే ఫిర్యాదులో చేర్చి రాష్ట్ర కమిషన్‌కే వెళ్లండి. లేదంటే విడివిడి కేసుల్లో ఒకరు ఇంకొకరి మీద నెట్టేసి అందరూ తప్పించుకుంటారు. మీరు నివసించే ఊళ్లోనే వేసే హక్కు మీకుంది, ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి అనే ప్రభుత్వ పోర్టల్ ద్వారా దాఖలు చేయవచ్చు. గడువు కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లు. అంతకంటే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి. ఖర్చు లేని పని, కొన్ని షాపులు ఆ ఫోన్‌కే దిగివస్తాయి.

ఇన్సూరెన్స్ వాళ్లు చెప్పినది సగం నిజం. ప్రైవేటు కారు పాలసీలో ఎలక్ట్రికల్, మెకానికల్ బ్రేక్‌డౌన్‌కు మినహాయింపు ఉంది, కాబట్టి టాప్ మోటారు, వైర్ల ఖర్చు వాళ్ల నుంచి వస్తుందని ఆశ పెట్టుకోకండి. తడిసిన సీట్లు, కార్పెట్ సంగతి వేరు. అది బయటి నుంచి అనుకోకుండా జరిగిన నష్టమని వాదించే అవకాశం ఉంది, పర్యవసాన నష్టమని, అంటే టాప్ చెడిపోవడం వెంట వచ్చిన నష్టమే కాబట్టి ఇవ్వక్కర్లేదని వాళ్లూ వాదిస్తారు. క్లెయిమ్ రాతపూర్వకంగా వేసి, తిరస్కరణ కూడా కారణాలతో రాతపూర్వకంగానే తీసుకోండి. ఫిర్యాదు చేసిన నెలలోపు జవాబు రాకపోయినా, జవాబు నచ్చకపోయినా ఏడాదిలోపు బెంగళూరులోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు పరిష్కరించే అధికారి) దగ్గరకు ఉచితంగా వెళ్లవచ్చు. అదే విషయం మీద వినియోగదారుల కమిషన్‌లో కేసు నడుస్తుంటే మాత్రం అంబుడ్స్‌మన్ తీసుకోరు.

కొత్త సిస్టమ్ గురించి పాలసీలో చెప్పి ఉండరని మీ ఉత్తరం చూస్తే అర్థమవుతోంది. కంపెనీ ధరలో లేని ఎలక్ట్రానిక్ పరికరాలకు ఐఎంటీ 24 అనే ఎండార్స్‌మెంట్ (పాలసీకి అదనంగా జత చేసుకునే రక్షణ) ఉంది. ప్రీమియం సాధారణంగా పరికరం విలువలో 4 శాతం. మీ 1,85,000కు 7,400, దానిపై జీఎస్టీ. కన్వర్టిబుల్ ఉన్నవాళ్లకు నేను ఇది తప్పనిసరి అంటాను. గుడ్డ టాప్‌ను బ్లేడుతో కోసి యాంప్లిఫయర్ ఎత్తుకుపోవడానికి ఎంతసేపు? టాప్ తెరిచి వదిలేసి వెళ్తే, కారును కాపాడుకునే జాగ్రత్త తీసుకోలేదని కూడా అంటారు. తాళం చెవి బండిలోనే వదిలిన ఒక లారీ దొంగతనం కేసులో సుప్రీంకోర్టు 2023లో 75 శాతం ఇప్పించింది. అంటే పూర్తిగా పోదు గానీ పూర్తిగా రాదు కూడా.

ఆర్సీ రద్దవుతుందన్న మాట వినకండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 నిషేధించేది, ఆర్సీలో నమోదైన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడం. స్పీకర్లు, యాంప్లిఫయర్ వివరాలు ఆర్సీలో ఉండవు. నాకున్న ఆందోళన చట్టం గురించి కాదు, ప్రాణాల గురించి. చాలా కన్వర్టిబుళ్లలో కారు పల్టీ కొడితే వెనక సీట్ల వెనక నుంచి రక్షణ కడ్డీలు పైకి లేస్తాయి. సబ్‌ఊఫర్ గానీ దాని వైర్లు గానీ వాటికి అడ్డుగా ఉన్నాయేమో ఇంజనీరును విడిగా అడిగి రిపోర్టులో రాయించండి. ముందు సీట్ల కింద పసుపు రంగు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగ్‌లవి. షాపువాడు వాటిని కదిపాడేమో కూడా చూడమనండి. ఇలాంటి భాగాలను మార్చితే సెక్షన్ 182ఎ(4) కింద ఒక్కో మార్పుకు 5,000 జరిమానా గానీ ఆరు నెలల వరకు జైలు గానీ పడే ప్రమాదం ఉంది.

అసోసియేషన్ నోటీసు విషయంలో మాత్రం తప్పు మీ వైపే ఉన్నట్టుంది. శబ్ద కాలుష్య నిబంధనలు 2000 ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 దాకా. మీ సొంత సౌండ్ సిస్టమ్ వల్ల మీ ఆవరణ హద్దు దగ్గర ఈ పరిమితికి 5 డెసిబెల్స్ మించకూడదు. టాప్ దించిన కారులో ఆపేదేమీ లేక సౌండంతా బయటికే పోతుంది. కాంక్రీటు బేస్‌మెంట్‌లో సబ్‌ఊఫర్ మోత గోడల వెంట పై అంతస్తుల దాకా పాకుతుంది. రింగురోడ్డు మీద గాలికి సరిపెట్టుకున్న వాల్యూమ్ గేటు దగ్గరకొచ్చేసరికి అలాగే ఉండిపోతోందేమో గమనించండి. వేగాన్ని బట్టి వాల్యూమ్ తగ్గే సెట్టింగ్ మీ కారులో ఉంటే ఆన్ చేయండి. ఎవరైనా 112కు ఫోన్ చేస్తే పోలీసులు వచ్చి ఆపించగలరు. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 292 కింద పబ్లిక్ న్యూసెన్స్‌కు 1,000 వరకు జరిమానా ఉంది. నోటీసుకు వకీలు చేత జవాబు రాయించవద్దు. మీరే అసోసియేషన్ సెక్రటరీ గారిని కలిసి, రాత్రి పది తర్వాత పార్కింగ్‌లో సిస్టమ్ వాడనని రెండు లైన్లు రాసి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.