నూట ఇరవైలో వెళ్తే మిగిలే నిమిషాల ఖరీదెంత?

ప్రశ్న: మాది అనంతపురం. బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం, నా ఆఫీసు ఎలక్ట్రానిక్ సిటీలో. అమ్మానాన్నల్ని చూడటానికి నెలకు రెండుసార్లు కారులో ఊరికి వెళ్తాం. మాది 2019లో కొన్న 1.2 లీటర్ల పెట్రోలు కారు. ఆఫీసుకూ ఊరికీ కలిపి పెట్రోలు నెలకు 13,500 దాటుతోంది, టోల్ మరో 1,100. దేవనహళ్లి దాటాక నేను 120లో వెళ్తాను. పెట్రోలు తాగేస్తుంది, 80 దాటొద్దని మా ఆవిడ ప్రతిసారీ గొడవ. నా ప్యాకేజీ ఏడాదికి 15 లక్షలు, చేతికి నెలకు లక్ష వస్తుంది. ప్యాకేజీ లెక్కన నా గంట విలువ 780 రూపాయలు. అలాంటప్పుడు వేగంగా వెళ్లడమే లాభం కదా? లేకపోతే ఈ కారు అమ్మేసి, 8 లక్షలు లోను తీసుకుని పెట్రోలూ బ్యాటరీ రెండింటితో నడిచే హైబ్రిడ్ కొనమంటారా? నెలకు రెండు వేలు మిగిలినా అమ్మానాన్నల హెల్త్ పాలసీకి పనికొస్తుంది.

జవాబు: హైబ్రిడ్ సంగతి ముందు తేల్చేద్దాం. 8 లక్షల లోను, 9 శాతం వడ్డీ, ఐదేళ్ల గడువు అనుకుంటే ఈఎంఐ సుమారు 16,600. మీ పెట్రోలు బిల్లు మొత్తం 13,500. కొత్త కారు ఒక్క చుక్క పెట్రోలు తాగకుండా నడిచినా నెలకు మూడు వేలు మీరే ఎదురు కట్టుకోవాలి. మీది 2019 బండి, అది బాగానే ఉన్నంతకాలం దాన్నే నడపండి. ఇక వేగం సంగతికి వద్దాం. మీరు గంటకు విలువ కట్టి ఆలోచించడం నాకు నచ్చింది. ఆ విలువ కట్టడంలోనే పొరపాటు జరిగింది.

చిన్నప్పుడు ఎర్రబస్సు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టిన గుర్తుంటుంది. ఊళ్లో మెల్లగా పోతున్నప్పుడు గాలి వేళ్ల మధ్య ఆడుకునేది. రోడ్డెక్కాక అదే గాలి చేతిని వెనక్కి విరిచేసేది. మీ ఇంజను పెట్రోలు పోసి నెట్టుకుంటూ పోయేది ఆ గాలినే. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగింతలవుతుంది. 80 నుంచి 120కి వెళ్తే వేగం ఒకటిన్నర రెట్లే, గాలి అడ్డు మాత్రం రెండుంపావు రెట్లు. టైర్ల రాపిడి పెద్దగా మారదు కాబట్టి 80 దాటాక పెరిగే ఖర్చులో సింహభాగం గాలిదే. అమెరికాలో ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాలవాళ్లు 74 వాహనాల మీద చేసిన పరిశీలనలో, వేగం 80 కి.మీ. నుంచి 97కి పెరిగితే మైలేజీ సగటున 12 శాతం పడింది. అక్కణ్ణుంచి 113కి వెళ్తే మరో 14 శాతం, 129కి వెళ్తే ఇంకో 15 శాతం. ప్రతి మెట్టూ కిందటి మెట్టు కన్నా ఖరీదైనదే.

మరీ మెల్లగా వెళ్తే ఇంకా మిగులుతుందా అంటే, అదీ లేదు. ఇంజను తిరిగినంతసేపూ తన ఖర్చు తనకుంటుంది, ఏసీ ఖర్చు దానికి అదనం. పైగేరులో ఇంజను సుఖంగా తిరిగే 60-80 మధ్య ఇలాంటి పెట్రోలు కార్లు బాగా మైలేజీ ఇస్తాయి.

ఇప్పుడు మీ దారి. మారతహళ్లి నుంచి అనంతపురం దాదాపు 220 కిలోమీటర్లు. రింగ్ రోడ్డు, హెబ్బాళ, రెండు చివర్లా ఊళ్ల రద్దీ తీసేస్తే, మీరు వేగాన్ని నిజంగా ఎంచుకోగలిగేది దేవనహళ్లి అవతల సుమారు 170 కిలోమీటర్లలోనే. మీ కారు 80లో లీటరుకు 20 ఇస్తుందనుకుందాం. పైన చెప్పిన ధోరణి ప్రకారం 90లో 18.5, 100లో 17, 120లో 14 దగ్గర ఉంటుంది. బెంగళూరులో లీటరు 103 రూపాయలు వేసుకుంటున్నాను. 80లో ఆ దూరానికి రెండు గంటల ఏడున్నర నిమిషాలు, పెట్రోలు 875 రూపాయలు. 90లో గంటా 53 నిమిషాలు, 946 రూపాయలు. 100లో గంటా 42 నిమిషాలు, 1,030. 120లో గంటా 25 నిమిషాలు, 1,251.

ఈ అంకెల్ని జంటలుగా చూడండి. 80 నుంచి 90కి పెంచితే 71 రూపాయలు పెట్టి 14 నిమిషాలు కొన్నారు. గంటకు 300 పడింది. 90 నుంచి 100కి పెంచితే 84 రూపాయలకు 11 నిమిషాలే వచ్చాయి, గంట ధర 440. 100 నుంచి 120కి వెళ్తే 221 రూపాయలకు 17 నిమిషాలు, గంట ధర 780. సరిగ్గా మీరు చెప్పిన అంకే. అంటే మీ గంట నిజంగా 780 చేసినా, 120లో వెళ్లి మీరు సంపాదించింది సున్నా.

నిజానికి మీ గంట అంత చెయ్యదు. 15 లక్షల్ని నెలకు 160 గంటల చొప్పున భాగించి ఆ అంకె తెచ్చినట్టున్నారు. ప్యాకేజీలో పన్ను ఉంది, పీఎఫ్ ఉంది, చేతికొచ్చేది లక్షే. ఆ లక్ష కోసం మీరు పెట్టే సమయం ఆఫీసులో తొమ్మిది గంటలతో అయిపోదు. సిల్క్ బోర్డు జంక్షన్ మీదుగా వెళ్లిరావడానికి రోజుకు రెండున్నర గంటలైనా పోతాయి. 22 రోజులకు 253 గంటలు. గంటకు 395 రూపాయలు. నా దగ్గరికొచ్చే ఐటీవాళ్లందరితోనూ నేను ఈ లెక్క ఒకసారి కట్టిస్తాను. కారు, ఇల్లు, ఆఫీసుకు దూరం, ఏది నిర్ణయించాలన్నా ప్యాకేజీ కన్నా ఈ అంకె దగ్గరగా సాయపడుతుంది.

395 చేసే గంటను 300కి కొనొచ్చు, 440కి కొనకూడదు. కాబట్టి ఆ రోడ్డు మీద మీ వేగం 90కి కాస్త అటూ ఇటూ, గట్టిగా అయితే 95. మీ ఆవిడ చెప్పిన 80 దీనికి ఎంతో దూరంలో లేదు, మీ 120 మాత్రం చాలా దూరంలో ఉంది. ఆవిడతో ఆ మాట చెప్పండి.

ఇదంతా కాగితం మీది లెక్క. రోడ్డు మీద 120 ఇంకా నష్టం, ఎందుకంటే అక్కడ ఆ వేగం నిలవదు. చిక్కబళ్లాపురం దాటాక దారి బాగానే సాగుతుంది. అంతలో కుడి లేన్‌లో ఒక లారీ మరో లారీని దాటుతూ నిమిషం తీసుకుంటుంది. పెనుకొండ దగ్గర సర్వీసు రోడ్డులోంచి ట్రాక్టరు ఎక్కుతుంది. మీరు 120 నుంచి 60కి తొక్కుతారు, మళ్లీ 120కి లాగుతారు. బ్రేకులో వేడిగా పోయిన ఆ ఊపును తిరిగి తెచ్చుకోవడానికి ఒక్కోసారి సుమారు ఏడు రూపాయల పెట్రోలు కాలుతుంది. 90లో ఉండి 60కి తగ్గితే మూడు రూపాయలే, చాలాసార్లు అంత తగ్గాల్సిన అవసరమే రాదు, ముందున్నది కనబడగానే యాక్సిలరేటరు మీంచి కాలు తీస్తే సరిపోతుంది. దారిలో ఇలాంటివి పదిహేను తగిలితే వంద రూపాయలు ఎగిరిపోతాయి, కాగితం మీద మిగిలిన నిమిషాల్లో సగమే చేతికొస్తాయి. టోల్ గేటు దగ్గర పక్క వరసలో నిలబడ్డ కారును చూడండి. ఇందాక బాగేపల్లి ముందు మీరు దాటొచ్చిన కారే అయి ఉంటుంది.

డబ్బు లెక్కలోకి రానివి కూడా ఉన్నాయి, వాటిని వదిలేసి సలహా ఇవ్వడం నాకు చేతకాదు. కేంద్రం 2018లో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం డివైడరున్న నాలుగు లేన్ల రోడ్డు మీద కారుకు గరిష్ఠ వేగం 100. బోర్డు మీద అంతకన్నా తక్కువుంటే అదే లెక్క. 120 చట్టాన్ని దాటిన వేగం, 130 దాటితే కర్ణాటకలో 2024 ఆగస్టు నుంచి ఎఫ్‌ఐఆర్ కూడా నమోదు చేస్తున్నారు. దానికన్నా పెద్ద విషయం ఆగే దూరం. అడ్డం కనబడ్డాక కాలు బ్రేకు మీదికి వెళ్లడానికి ఒకటిన్నర సెకను వేసుకుంటే, పొడి రోడ్డు మీద 90లో ఉన్న కారు సుమారు 82 మీటర్లలో ఆగుతుంది. 120లో 129 మీటర్లు కావాలి. ఆ తేడాలో నాలుగు బస్సులు వరసగా నిలబెట్టొచ్చు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు, అందులో 71 శాతం మరణాలకు కేంద్ర నివేదిక చెప్పిన కారణం అతివేగం. నేను టర్మ్ పాలసీలు రాయించి పెట్టమని చెప్పేవాణ్ణి. ఆ పాలసీ డబ్బు ఒక ఇంటికి ఎలాంటి రోజున చేరుతుందో చూశాను. మీకు 80 దాటొద్దని చెబుతున్న మనిషి పెట్రోలు గురించే మాట్లాడుతోందని నాకు అనిపించడం లేదు.

90కి దిగితే, 120తో పోల్చినప్పుడు, ఒక్కో ప్రయాణానికి 28 నిమిషాలు పోతాయి, అదీ కాగితం మీద. ఆ నిమిషాలు మీకు వేరేచోట దొరుకుతాయి. శుక్రవారం సాయంత్రం ఆరింటికి బయల్దేరి మారతహళ్లి నుంచి హెబ్బాళ చేరడానికి ఎంత పడుతుందో మీకు తెలుసు. అదే శనివారం తెల్లవారుజామున నాలుగున్నరకు బయల్దేరితే ఎంత పడుతుందో ఒకసారి చూడండి. రింగ్ రోడ్డు మీద ఏసీ వేసుకుని గంట నిలబడితే ఇలాంటి ఇంజను సుమారు ఒక లీటరు తాగుతుంది. అక్కడ మీరు గంటా పోగొట్టుకుంటున్నారు, దానికి ఎదురు వంద రూపాయలూ కడుతున్నారు. తెల్లవారుజామున వెళ్తే రెండూ మిగులుతాయి. రాత్రి సరిగ్గా నిద్రపోయి ఉంటేనే సుమా, నిద్రమత్తులో స్టీరింగు పట్టొద్దు.

పెట్రోలు ఎక్కడ కొట్టిస్తున్నారో మీరు రాయలేదు. అనంతపురంలో కొట్టిస్తుంటే మానేయండి. కర్ణాటకలో అమ్మకపు పన్ను 29.84 శాతం. ఆంధ్రలో వ్యాట్ 31 శాతం, దానిమీద లీటరుకు 4 రూపాయలు అదనం, ఒక రూపాయి రోడ్డు సెస్. అందుకే కొడికొండ చెక్‌పోస్టు దాటగానే లీటరు ఆరేడు రూపాయలు పెరుగుతుంది. 90లో వెళ్లిరావడానికి రానుపోను 27 లీటర్లకు మించదు. ఇక్కడే ట్యాంకు ఫుల్ చేయించుకుంటే అక్కడ బంకు ముఖం చూడక్కర్లేదు.

టోల్ దగ్గర మీరు పోగొట్టుకుంటున్నది ఇంకా ఎక్కువ. సొంత కార్లకు 2025 ఆగస్టు 15 నుంచి ఫాస్టాగ్ వార్షిక పాస్ వచ్చింది, మొదలైనప్పటి ధర 3,000. ఏడాది గానీ 200 దాటులు గానీ, ఏది ముందైతే అంతవరకు, జాతీయ రహదారుల మీది ప్లాజాల్లో చెల్లుతుంది. మీకు ఒక రాకపోకకు ఐదు దాటులనుకుంటే ఏడాదికి 120, అంటే పాస్ లోపలే సరిపోతుంది. ఇప్పుడు టోల్‌కు ఏడాదికి 13,200 కడుతున్నారు. పాస్ తీసుకుంటే అందులో పది వేలు మిగులుతాయి. కూర్చున్నచోట ఫోన్లో పది నిమిషాల పని.

కలిపి చూస్తే, 120 నుంచి 90కి దిగినందుకు ఏడాదికి 48 ప్రయాణాల్లో 14,600, పాస్ వల్ల సుమారు 10,000. నెలకు రెండు వేల పైచిలుకు, మీరు అడిగినంత. టైర్లలో గాలి పదిహేను రోజులకోసారి చూపించుకుంటూ, వాడని రూఫ్ క్యారియరు పైన ఉంటే విప్పేస్తే ఇంకొంచెం కలుస్తుంది.

ఆ డబ్బు అమ్మానాన్నల పాలసీకే పెట్టండి, ఇంకో దారికి మళ్లనివ్వకండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద 18 శాతం జీఎస్టీ ఎత్తేశారు. వాళ్లిద్దరిలో ఎవరికైనా 70 నిండితే ముందు ఆయుష్మాన్ వయ వందన కార్డు తీయించండి, ఆదాయంతో పనిలేకుండా ఏడాదికి 5 లక్షల కవరు వస్తుంది. అప్పుడు మీరు కొనే పాలసీ దానికి పైన నిలబడుతుంది. బీపీ, షుగరు ఉంటే దరఖాస్తులో దాచకుండా రాయండి. ముందునుంచీ ఉన్న జబ్బులకు ఎదురుచూపు గడువు ఇప్పుడు మూడేళ్లకు మించకూడదు, కాబట్టి ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది. రెండు వేలు పూర్తి ప్రీమియానికి సరిపోకపోవచ్చు. మీకు అన్నదమ్ములో అక్కచెల్లెళ్లో ఉంటే వాళ్లతో కూర్చుని పంచుకోండి.

నా అంకెలు మీ కారువి కావు, అంచనాలు. మీ అంకెలు మీరే తీయండి. వచ్చేసారి యలహంక దాటాక ఒక బంకులో ట్యాంకు ఫుల్ చేయించి ట్రిప్ మీటరు సున్నా చేయండి. 90లో వెళ్లి 90లో తిరిగొచ్చి, అదే బంకులో, అదే పైపు దగ్గర మళ్లీ ఫుల్ చేయించండి. మీటరు చూపిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగిస్తే మైలేజీ వస్తుంది. తర్వాతి ట్రిప్పు 100లో, బోర్డు ఒప్పుకున్న చోటే. రెండుసార్లూ మనుషులు, సామాను, బయల్దేరిన వేళ ఒకటే ఉండాలి. ఏ ఊరు ఎన్నింటికి దాటారో, ఎన్ని లీటర్లు పట్టాయో మీ ఆవిడ చేత రాయించండి. ఆ రెండు కాగితాలూ నాకు పంపితే మీ గంట ధరను మీ అంకెలతోనే మళ్లీ కట్టిస్తాను.