22 రోజుల నెలసరి, నెలకోసారి జీతం: పిండం ట్రాన్స్‌ఫర్ ఖర్చు ఎలా సర్దాలి?

ప్రశ్న: నాకు నెలసరి 22 రోజులకే వస్తుంది. ఐవీఎఫ్‌లో ఫ్రీజ్ చేసిన పిండాలు మూడున్నాయి. మందుల్లేకుండా నేచురల్ సైకిల్‌లో పిండాన్ని గర్భాశయంలోకి ట్రాన్స్‌ఫర్ చేద్దామన్నారు. పదో రోజు స్కాన్‌కు వెళ్తే అండం అప్పటికే విడుదలైపోయింది, ట్రాన్స్‌ఫర్ రోజు లెక్కించలేమని ఆపేశారు. స్కాన్ల డబ్బు పోయింది. ఈసారి మందులతో చేస్తామంటున్నారు. నా డిపాజిట్ గడువు తీరడానికి ఇంకా మూడు నెలలుంది. దాన్ని మధ్యలోనే తీయాలా, పర్సనల్ లోన్ తీసుకోవాలా? - ఒక పాఠకురాలు

జవాబు: మీ డాక్టరు తొందరపెట్టనంత వరకు రెండూ వద్దు. మైనస్ 196 డిగ్రీల లిక్విడ్ నైట్రోజన్‌లో ఉన్న పిండాలు మూడు నెలలకు పాడవవు. ఇక్కడ ఒక మెలిక ఉంది. నెలసరుల మధ్య వ్యవధి తగ్గడం కొందరిలో అండాల నిల్వ తగ్గుతోందనడానికి గుర్తు. మళ్లీ అండాలు తీయించుకునే ఆలోచన ఉంటే ఆగడం కూడా నష్టమే. ఏఎంహెచ్ (అండాల నిల్వను అంచనా వేసే రక్తపరీక్ష), థైరాయిడ్ పరీక్షలు అయ్యాయో లేదో ముందు కనుక్కోండి. వాటి ఫలితాన్ని బట్టే డిపాజిట్ సంగతి తేలుతుంది.

అసలు చిక్కు వడ్డీలో లేదు, క్యాలెండర్‌లో ఉంది. జీతం ఏడాదికి 12 సార్లు వస్తుంది. 28 రోజుల సైకిల్ 13 సార్లు తిరిగితే, మీది 16 సార్లు దాటుతుంది. ఒక జీతానికీ ఇంకో జీతానికీ మధ్యలోనే ఒక సైకిల్ మొదలై ముగిసిపోవచ్చు. ‘వచ్చే నెల చూద్దాం’ అని బడ్జెట్ వేసుకునేవాళ్లు క్రెడిట్ కార్డు గీకేది ఈ సందులోనే. అందుకే డబ్బు నెలకింత అని కాకుండా సైకిల్‌కింత అని పక్కన పెట్టండి. ఒక పూర్తి సైకిల్ ఖర్చు చేతిలో లేకుండా మొదటి మాత్ర వేసుకోవద్దు. దానితోపాటు, సగంలో ఆగిపోయే సైకిల్‌కు అయ్యే స్కాన్లు, మందుల ఖర్చు కూడా ఉండాలి.

మందుల పద్ధతికి బిల్లు పెరుగుతుంది, నిజమే. కానీ అందులో తేదీ చాలావరకు మీ చేతికొస్తుంది. పీరియడ్ రెండో మూడో రోజున గర్భాశయ పొరను పెంచే ఈస్ట్రోజెన్ హార్మోన్ మొదలుపెట్టి, రెండు వారాలు అటూ ఇటూగా వాడతారు. ఆ పొర సుమారు 7 మిల్లీమీటర్లకు చేరాక, పిండం అంటుకునేలా దాన్ని సిద్ధం చేసే ప్రొజెస్టెరాన్ హార్మోన్ ఇస్తారు. ల్యాబ్‌లో అయిదు రోజులు పెరిగిన పిండమైతే సాధారణంగా అయిదు రోజుల ప్రొజెస్టెరాన్ తర్వాత ట్రాన్స్‌ఫర్. పొర పలచగా ఉంటే ఈస్ట్రోజెన్ ఇంకొన్ని రోజులు పొడిగించే వీలుంది. 22 రోజుల లెక్క ఇక్కడ అంతగా అడ్డురాదు. డిపాజిట్ చేతికొచ్చాక వచ్చే మొదటి పీరియడ్‌కు మొదలుపెడతామని చెప్పి చూడండి. మళ్లీ నేచురల్ అంటే మాత్రం, స్కాన్లు అయిదో ఆరో రోజు నుంచే మొదలుపెట్టొచ్చా అని అడగండి. మీ సైకిల్‌లో అండం ఎనిమిదో రోజు చుట్టుపక్కలే విడుదల కావచ్చు.

క్లినిక్ నుంచి రాతపూర్వకంగా ఒకటి తీసుకోండి: పిండాన్ని ఫ్రీజ్ నుంచి బయటికి తీయకముందే సైకిల్ ఆగిపోతే ఏ డబ్బు వెనక్కిస్తారు, ఏది వచ్చే సైకిల్‌కు జమ చేస్తారు? పిండాల నిల్వ రుసుము గడువు తేదీ కూడా రాసుకోండి. దానికి భయపడి హడావిడిగా ట్రాన్స్‌ఫర్‌కు వెళ్లినవాళ్లను చూశాను.

అందరూ మరిచిపోయేది శుభవార్త తర్వాతి బిల్లు. మందుల సైకిల్‌లో అండం విడుదల కాదు కాబట్టి శరీరం సొంతంగా ప్రొజెస్టెరాన్ తయారుచేయదు. టెస్ట్ పాజిటివ్ వస్తే మందులు సుమారు 10 నుంచి 12 వారాల గర్భం వరకూ సాగుతాయి. ఆ వారాల ఖర్చు ముందే విడిగా తీసిపెట్టండి. డబ్బు చాలక ఒక్క డోసు కూడా మానకూడదు.