రౌటర్‌కి లేజర్ తగిలించే ముందు

అమ్ములూ,

మీ నాన్న ఫోన్ చేసి, "నీ కూతురు ఆ మిషన్‌కి లేజర్ కూడా పెడుతుందట అన్నయ్యా, నాకేమీ అర్థం కావడం లేదు, నువ్వే మాట్లాడు" అన్నాడు. వినగానే ఎంత సంతోషం వేసిందో అంత గుబులూ పుట్టింది. మన ఇంట్లో చెక్కపని నాతోనే ఆగిపోతుందనుకున్నాను. కంప్యూటర్ చెప్పినట్టు చెక్క మీద చెక్కే చిన్న మిషన్, ఆ 3018 రౌటర్ నువ్వు కొని మేడమీద గదిలో పెట్టుకుని, పేర్లు చెక్కి అమ్ముతున్నావని తెలిసినప్పటి నుంచి మా వీధిలో నేను చెప్పని ఇల్లు లేదు. కానీ రౌటర్ వేరు, లేజర్ వేరు. ఫోన్లో అయితే "సరే పెదనాన్నా, సరే పెదనాన్నా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను. తీరిగ్గా కూర్చుని చదువు.

బిగించడం పెద్ద పనేం కాదు. కోసే బిట్‌ని తిప్పే మోటారు ఉంది కదా, ఆ స్పిండిల్‌లోంచి బిట్ తీసెయ్. లేజర్‌ని పైకీ కిందికీ నడిచే జెడ్ యాక్సిస్ మీద కదలకుండా బిగించు. లెన్స్ నుంచి చెక్కకి ఎంత దూరం ఉండాలో వాళ్ళిచ్చిన కాగితంలో ఉంటుంది. హెడ్ కదిలేటప్పుడు వైర్లు ఎక్కడా లాగకుండా చూసుకో. ఇవన్నీ నీకు నేను చెప్పాలా!

కొనేటప్పుడు మాత్రం పెట్టె మీద అంకె చూసి మోసపోకు. 40 వాట్లు అని పెద్ద అక్షరాలతో వేస్తారు. చాలాసార్లు అది మాడ్యూల్ తీసుకునే కరెంటు లెక్క. బయటికొచ్చే వెలుగు 5 వాట్ల చుట్టుపక్కలే ఉంటుంది. "ఆప్టికల్ పవర్ ఎంత?" అని అడుగు. నీ నేమ్‌ప్లేట్లకీ కీచైన్లకీ ఆ 5 వాట్లు చాలు. నీ మిషన్ స్క్రూ రాడ్ల మీద నడిచేది, బెల్టు మిషన్లంత వేగం రాదు. అంతకంటే పెద్దది కొంటే, పవర్ తగ్గించకపోతే ఆ నెమ్మది నడకకి చెక్క మాడుతుంది.

నీ మిషన్ బోర్డులో దాన్ని నడిపే ప్రోగ్రాం జీఆర్‌బీఎల్ 1.1 అయితే, లేజర్ మోడ్ సెట్టింగు $32 ని 1 చెయ్. లేజర్ వెలిగించే ఆదేశాల్లో ఎం3 కాకుండా ఎం4 వాడు. ఎం4లో హెడ్ నెమ్మదిస్తే లేజర్ తగ్గుతుంది, ఆగితే ఆరిపోతుంది. తిరిగి రౌటర్ పనికి వచ్చినప్పుడు $32 ని 0 చేయడం మర్చిపోకు. లేకపోతే ఖాళీగా కదిలే చోట స్పిండిల్ ఆగిపోయి, మళ్ళీ వేగం అందుకోకముందే బిట్ చెక్కలోకి దిగి విరుగుతుంది. ఇంకో మాట. ఆన్ చేసిన క్షణంలో కొన్ని బోర్డుల సిగ్నల్ స్థిరంగా ఉండదు, లేజర్ ఒక్కసారి వెలుగుతుంది. అందుకని లేజర్‌కి విడిగా స్విచ్ పెట్టించు. అన్నీ ఆన్ అయ్యాక చివర్లో లేజర్, ఆపేటప్పుడు అన్నిటికంటే ముందు లేజర్.

ఎం4 పెట్టాను కదా అని ధీమాగా ఉండకు. హెడ్ ఎక్కడో తట్టుకుని ఆగిపోయిందనుకో, ఆ సంగతి బోర్డుకి తెలియదు. నడుస్తూనే ఉన్నాననుకుంటుంది, లేజర్ ఒకే చోట కాలుస్తూ ఉంటుంది. మొన్న నువ్వు పంపిన వీడియోలో మిషన్ నడుస్తుంటే కెమెరా పట్టుకుని కిందికెళ్ళి టీ తెచ్చుకున్నావు. నేను చూడలేదనుకున్నావా? రౌటర్‌తోనే అది తప్పు. లేజర్‌తో అలా చేశావని తెలిస్తే నేనే బస్సెక్కి వచ్చి వైరు పీకేస్తాను. కొరియర్ వాడు తలుపు కొట్టినా సరే, ఆపి వెళ్ళు.

ఇక అసలు సంగతి. నా భయమంతా చెక్కపొట్టు గురించి.

లేజర్ ఒక్కటే ఉన్న మిషన్‌కి ఈ బాధ ఇంతగా ఉండదు. నీది పొద్దున చెక్కని కొరికి, సాయంత్రం అదే బల్ల మీద నిప్పు పెట్టబోయే మిషన్. ఎండీఎఫ్ పొట్టు మరీ సన్నం. క్లాంపులు బిగించడానికి అల్యూమినియం బల్లలో పొడుగునా గాడులుంటాయి కదా, వాటిల్లో చేరి గట్టిపడుతుంది. పైనుంచి చూస్తే బల్ల శుభ్రంగానే కనిపిస్తుంది.

బాలానగర్‌లో నేను పనిచేసిన ప్యాటర్న్ షెడ్డు గురించి నీకెప్పుడూ పూర్తిగా చెప్పలేదు. పోతపనికి కావాల్సిన చెక్క నమూనాలు చేసేవాళ్ళం, ఎక్కువగా టేకుతో. నాకు పని నేర్పిన మేస్త్రి అక్కడే ఉండేవాడు. చెక్కని వేలితో తడిమి "ఇక్కడ అర మిల్లీమీటరు ఎక్కువుంది" అనేవాడు. వెర్నియర్ పెట్టి చూస్తే అంతే ఉండేది. ఒకరోజు బ్యాండ్ సా స్టాండు విరిగితే అక్కడికక్కడే వెల్డింగ్ చేయించాల్సి వచ్చింది. ముందు పొట్టు తీయాలని ఆయనకి తెలియక కాదు. తీశాడు. కాకపోతే కంప్రెసర్ పైపు పెట్టి ఊదేశాడు. రెండు నిమిషాల్లో నేల తేటగా కనిపించింది. మరి ఆ పొట్టంతా ఎక్కడికి పోతుంది? స్టాండు కిందికి, గోడవారకి, నమూనాలు పెట్టే బీరువా అడుక్కి. వెల్డింగ్ అయింది. అందరం చూశాం. పొగ లేదు, వాసన లేదు. షట్టర్ వేసి ఇళ్ళకెళ్ళాం.

రాత్రి పక్క షెడ్డు వాచ్‌మన్ కబురు పెడితే పరుగెత్తాం. మేం వెళ్ళేసరికి బీరువా మండుతోంది. మర్నాడు పార్టీకి ఇవ్వాల్సిన నమూనాలు అందులోనే ఉన్నాయి. ఎవరు ఆపినా వినకుండా మేస్త్రి లోపలికి దూరి రెండు చేతులతో వాటిని బయటికి లాగాడు. నమూనాలు దక్కాయి, అరచేతుల చర్మం ఊడిపోయింది. గాయాలు మానాక కూడా వేళ్ళు పూర్తిగా ముడుచుకునేవి కావు, ఉలి జారిపోయేది. ఆ తర్వాత చెక్కని తడిమి చూసి, ఏమీ అనకుండా, వెర్నియర్ తెమ్మని నాకు చెయ్యి చాచేవాడు.

పొట్టు మంట లేకుండా కాలుతుంది తల్లీ. మీ నాయనమ్మ పొట్టు పొయ్యి నువ్వు చూసి ఉండవు. డబ్బా మధ్యలో సీసా నిలబెట్టి, చుట్టూ రంపపు పొట్టు దట్టించి, సీసా లాగేసి అడుగు నుంచి అంటించేది. పొద్దున అంటిస్తే మధ్యాహ్నం దాకా లోపల్లోపలే కాలుతూ వంటంతా అయిపోయేది, వేణ్ణీళ్ళు కూడా కాగేవి. నీ బల్ల గాడుల్లో దట్టంగా చేరేదీ ఆ పొట్టే.

అందుకే ఊదకు. బల్ల మీద పరిచే చెక్క, ఆ స్పాయిల్‌బోర్డు విప్పి, గాడులన్నీ సన్న బ్రష్‌తో కదిపి, వాక్యూమ్‌తో లాగించు. ఇదంతా లేజర్ పని మొదలుపెట్టే ముందు చెయ్. పని అయిన వెంటనే మాత్రం వాక్యూమ్ పెట్టకు. నిప్పు రవ్వ దాని సంచిలోకి పోతే మళ్ళీ అదే కథ. లేజర్ పడే చోట గాలి ఊదే ఎయిర్ అసిస్ట్ పెట్టుకుంటే మంచిదే, లెన్స్‌కి పొగ అంతగా పట్టదు, చెక్క అంచు అంతగా నల్లబడదు. కానీ కింద పొట్టుంటే ఆ గాలే దాన్ని రాజేస్తుంది. పెద్ద ఫ్యాక్టరీల్లో వెల్డింగ్ అయ్యాక ఒక మనిషిని నిప్పు కాపలాకి కూర్చోబెడతారు. నువ్వు కూడా పనయ్యాక అరగంట ఆ గదిలోనే ఉండు. ప్యాకింగ్ చేసుకో, నాకు ఫోన్ చెయ్, ఏదైనా చేసుకో. మంట ఆర్పే చిన్న సీఓ2 సిలిండర్ ఒకటి తలుపు పక్కన ఉండాలి, మిషన్ వెనక కాదు. మంట వస్తే మిషన్ దాటి చెయ్యి చాచాల్సిన పని పడకూడదు. అప్పటికీ ఆరకపోతే వదిలేసి బయటికొచ్చెయ్. మిషన్ పోతే నేను కొనిపెడతాను.

ఇప్పుడు కళ్ళు. నువ్వు కొనేది 450 నానోమీటర్ల నీలి వెలుగు, క్లాస్ 4, అంటే లేజర్లలో అన్నిటికంటే ప్రమాదకరమైన తరగతి. నేరుగా చూడనక్కర్లేదు, చెక్క మీద పడి చెదిరిన వెలుగును దగ్గర నుంచి చూసినా ప్రమాదమే. రెప్ప వేసేలోపే జరగాల్సింది జరిగిపోతుంది. కంటి వెనక పొరకి నొప్పి తెలియదు, దెబ్బ తగిలినట్టు వెంటనే నీకు తెలియకపోవచ్చు. పెట్టెలో ఉచితంగా వచ్చే అద్దాలు నమ్మకు. 450కి పనికొస్తుందనీ, వెలుగును ఎంత ఆపుతుందో చెప్పే ఓడీ అంకె 5 గానీ 6 గానీ అనీ అద్దం మీదో ఫ్రేము మీదో అచ్చు వేసి ఉండాలి. సీఓ2 లేజర్ అని వేరే రకం ఉంటుంది, దానికి అమ్మే అద్దాలు దీనికి పనికిరావు. తమ్ముడికి కూడా ఒక జత తీసుకో. అయినా వాడు లోపలికి రాకుండా గడియ పెట్టుకో. వాడు నీ పని చూడాలని ఎప్పుడూ నీ వెనకే తిరుగుతాడు, పాపం, వాణ్ణి కసరకు. ముందే కూర్చోబెట్టి చెప్పు.

పీవీసీ ఏదీ లేజర్ కింద పెట్టకు. రెక్సిన్, ఫ్లెక్సీ ముక్కలు, సైన్‌బోర్డు షాపుల్లో దొరికే తెల్ల ఫోమ్ షీట్లు చాలామటుకు అదే సరుకు. అది కాలితే వచ్చే ఆమ్లపు పొగ నీ ఊపిరితిత్తుల్నీ పాడుచేస్తుంది, మిషన్ స్క్రూ రాడ్లకీ తుప్పు పట్టిస్తుంది. ప్లాస్టిక్ ఏదో తెలియకపోతే మేడమీద ఆరుబయట రాగి తీగ కాల్చి ఆ ముక్కకి తగిలించి, తీగని మళ్ళీ మంటలో పెట్టు. మంట ఆకుపచ్చగా మారితే అందులో క్లోరిన్ ఉన్నట్టు. పొగ గొట్టం బయటికి పెట్టేటప్పుడు పక్కింటివాళ్ళు వడియాలు ఆరబెట్టే వైపు పెట్టకు.

మొదట పనికిరాని ముక్కల మీదే కాల్చి చూడు. పొణికి చెక్క దొరికితే ప్రయత్నించు, లేత రంగు కాబట్టి అక్షరం బాగా కనిపిస్తుంది. మెత్తన కాబట్టి పవర్ తక్కువ పెట్టు.

అద్దాలు ఆర్డర్ చేసేముందు వాటి మీది అంకెలు కనిపించే ఫొటో నాకు పంపు, నేను చూసి చెప్తాను. అద్దాలకీ సిలిండర్‌కీ డబ్బులు రేపు నీ ఖాతాలో వేస్తున్నాను. మీ నాన్నకి చెప్పకు, వద్దంటాడు.

మీ పెదనాన్న