కేకులు మాకు చేసి పెడుతుంది, తను ముద్ద ముట్టదు.. ఆస్పత్రిలో చేర్చాలా?

ప్రశ్న: మా అమ్మాయికి 15 ఏళ్లు, పదో తరగతి. ఒక పెళ్లిలో ఎవరో ‘బొద్దుగా అయ్యావే’ అన్నారట. అప్పటి నుంచి అన్నం, నూనె, స్వీట్లు ఒక్కొక్కటే మానేసింది. ఐదు నెలల్లో 11 కిలోలు తగ్గింది. మూడు నెలలుగా నెలసరి లేదు. ఎండల్లో కూడా చలి అంటుంది. రోజంతా వంటల వీడియోలు చూస్తుంది, మాకు కేకులు చేసి పెడుతుంది, తను మాత్రం తినదు. కంచం ముందు కూర్చోబెడితే ఏడుపే. రక్తపరీక్షలు నార్మల్ అని ఆకలి టానిక్ రాశారు. మా అత్తగారు దిష్టి తీయించారు. ఆస్పత్రిలో చేర్చకుండా ఇంట్లోనే ఉంచి నయం చేయించుకోలేమా?
- ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, పాపను చూడకుండా ఖాయంగా చెప్పలేను గానీ, మీరు రాసిన లక్షణాలు అనొరెక్సియా నెర్వోసా అనే జబ్బుకు బాగా సరిపోతున్నాయి. ఇది మొండితనం కాదు, మీ పెంపకం లోపమూ కాదు. పాపకు ఆకలి వేయక కాదు, తింటే లావైపోతానన్న భయంతో తినలేకపోతోంది. అందుకే టానిక్ పనిచేయదు.

కేకుల సంగతి మీకు వింతగా ఉంది కదా. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు దాదాపు ఆరు నెలలు తిండి సగానికి తగ్గించి చూశారు. వాళ్లకు రాత్రీ పగలూ తిండి ధ్యాసే పట్టుకుంది. కొందరు వంటల పుస్తకాలు పోగేసుకున్నారు. చలికి వణికారు, ఊరికే చిరాకుపడ్డారు, ఎవరితోనూ కలవలేదు. మీ పాపలో మీరు చూస్తున్న మార్పుల్లో చాలావరకు ఆకలి చేస్తున్న పనే. కాబట్టి ముందు కౌన్సెలింగ్‌తో మనసు మార్చి తర్వాత తినిపిద్దామని ఆగకండి. ఒంట్లోకి తిండి వెళ్లాకే మనసు మాట వింటుంది.

ఇక ఆస్పత్రి విషయం. చాలామంది పిల్లలకు ఓపీలోనే వైద్యం చేయొచ్చు. కాకపోతే ముందు గుండె ఎలా ఉందో చూడాలి. రక్తపరీక్షలు నార్మల్‌గా ఉన్నాయని నిశ్చింతగా ఉండొద్దు, బాగా చిక్కిపోయిన పిల్లల్లో కూడా అవి చాలాకాలం మామూలుగానే వస్తుంటాయి. పగలు మెలకువగా, కదలకుండా ఉన్నప్పుడు నాడి నిమిషానికి 50 కన్నా తక్కువ ఉన్నా, లేచి నిలబడితే బీపీ పడిపోతున్నా, స్పృహ తప్పినా, పొటాషియం, ఫాస్ఫరస్ తగ్గినా, మంచినీళ్లు కూడా వద్దంటున్నా, చచ్చిపోతానన్న మాట నోట వచ్చినా ఆలోచించకుండా చేర్చేయండి. ఇంకో జాగ్రత్త. కొన్ని రోజులుగా దాదాపు ఏమీ తినని పిల్లకు భయంతో ఒక్కసారే కడుపునిండా పెట్టకూడదు. రక్తంలో ఫాస్ఫరస్ పడిపోయి గుండెకే ప్రమాదం రావచ్చు. ఎంతతో మొదలుపెట్టాలో డాక్టర్ చెప్పాలి.

ఇవేవీ లేకపోతే వైద్యం మీ వంటింట్లోనే. లండన్‌లోని మాడ్స్‌లీ ఆస్పత్రిలో 1980లలో రూపుదిద్దుకున్న పద్ధతి ఇది, కుటుంబం ఆధారంగా చేసే చికిత్స అంటారు. పిల్లలకు అనొరెక్సియాలో దీనికే ఎక్కువ ఆధారాలున్నాయి. ఆరు నెలల నుంచి ఏడాది పాటు, సుమారు 20 సార్లు ఇంటిల్లిపాదీ థెరపిస్టును కలుస్తారు. ఏం తినాలి, ఎంత తినాలి అన్న నిర్ణయం కొన్నాళ్లు పూర్తిగా అమ్మానాన్నలదే. జ్వరం వచ్చిన పిల్లను మందు వేసుకుంటావా అని అడగం కదా, ఇదీ అంతే.

రోజుకు మూడు పూటలా భోజనం, మధ్యలో రెండు మూడుసార్లు చిరుతిండి. కంచంలో వడ్డించేది మీరే. పప్పులో నెయ్యి, పెరుగన్నం, పెసరట్టు, నువ్వుండ, అన్నీ మన ఇంటి తిండే. ఖరీదైన పౌడర్లు అక్కర్లేదు. ఒకరు తప్పనిసరిగా పక్కన కూర్చోవాలి. బతిమాలడం, బెదిరించడం, కేలరీల మీద వాదన వద్దు. ‘కష్టంగా ఉందని తెలుసమ్మా, నేనిక్కడే ఉన్నా, ఇంకో ముద్ద’ అంటే చాలు. మొదటి వారాల్లో అరుపులు, కంచం తోసేయడం ఉంటాయి. చాలా ఇళ్లలో తల్లి జాలిపడి వదిలేసేది అక్కడే. తండ్రి ఒక మాట, తల్లి ఒక మాట అయితే జబ్బు ఆ సందులోంచి దూరుతుంది.

ఇంట్లో తూకం మిషన్ తీసి అటక మీద పెట్టండి. బరువు వారం వారం క్లినిక్‌లోనే చూస్తారు. మొదటి నెలలో సుమారు రెండు కిలోలు పెరిగితే మంచి సూచన. ఆటలు, వ్యాయామం ప్రస్తుతానికి ఆపండి. స్కూల్లో మధ్యాహ్న భోజనం టీచర్ కంటి ముందు జరగాలి, అది కుదరకపోతే కొన్నాళ్లు పాపను ఆ పూటకు ఇంటికి తెచ్చుకోండి. పదో తరగతి అని టెన్షన్ పడకండి, పరీక్షలు మళ్లీ రాయొచ్చు. బరువు నిలదొక్కుకున్నాక తిండి బాధ్యత కొంచెం కొంచెంగా పాపకే అప్పజెప్పాలి.

నెలసరి కోసం హార్మోన్ మాత్రలు అడగకండి. వాటితో రక్తస్రావం కనిపిస్తుంది గానీ ఎముకలు బలపడవు, బరువు పెరిగితేనే అసలు నెలసరి వస్తుంది. ఈ జబ్బును నేరుగా తగ్గించే మందు కూడా లేదు. కుంగుబాటు, ఆందోళన తీవ్రంగా ఉంటే సైకియాట్రిస్టు వాటికి మందులిస్తారు.

ఈ చికిత్సలో శిక్షణ ఉన్నవాళ్లు మన దగ్గర తక్కువే. పిల్లల డాక్టర్, పిల్లల సైకియాట్రిస్టు లేదా క్లినికల్ సైకాలజిస్టు, డైటీషియన్ కలిసి చూస్తే చాలావరకు నెట్టుకురావచ్చు. ఎక్కడికి వెళ్లాలో తేలకపోతే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు.

దిష్టి తీయిస్తే నష్టమేమీ లేదు, పెద్దావిడను అలాగే చేయనివ్వండి. కానీ ‘చిక్కిపోయావు’, ‘ఇప్పుడు కాస్త ఒళ్లు చేశావు’ లాంటి మాటలు మాత్రం అనొద్దని ఆవిడకూ, చుట్టాలకూ చెప్పండి. రేపే పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్లి, ఐదు నిమిషాలు పడుకోబెట్టాక ఒకసారి, నిలబెట్టి ఒకసారి నాడీ బీపీ చూసి రాసిమ్మనండి, ఈసీజీ తీయించండి. పాప నాన్నగారిని కూడా వెంట తీసుకెళ్లండి.