‘విడుదలైంది’ అని రాసే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

వెబ్‌సైట్లు కట్టి నడిపే సాఫ్ట్‌వేర్ అయిన వర్డ్‌ప్రెస్‌లో, పేజీని ముక్కలు ముక్కలుగా పేర్చి రాసే బ్లాక్ ఎడిటర్ విడుదల మీద నువ్వు రాసి పంపిన వ్యాసం అందింది. మొదటిసారి ఊరికే చదివాను, రెండోసారి పెన్సిల్ పట్టుకుని చదివాను. తేదీలను ఓపికగా కూర్చావు, వాక్యం తడబడకుండా నడిపావు, తెలియని సంగతిని తెలిసినట్టు రాయలేదు. నా అభ్యంతరం మొదటి వాక్యం దగ్గరే ఉంది. ‘2018 డిసెంబరు 6న వర్డ్‌ప్రెస్ 5.0 విడుదలైంది, ఆ రోజుతో వెబ్‌సైట్లు నడిపే వారందరి పని తీరూ మారిపోయింది’ అని మొదలుపెట్టావు. తేదీ సరైనదే. ‘ఆ రోజుతో’, ‘అందరి’ అన్న రెండు మాటలే తప్పు. చిన్న మాటలే గాని, తరువాతి పేజీలన్నీ వాటి మీదే నిలబడి ఉన్నాయి కాబట్టి ఈ ఉత్తరం కాస్త పొడవవుతుంది.

ఆ తప్పు నాకు బాగా తెలుసు. సరిగ్గా అదే తప్పు, అదే వారంలో నేనూ చేశాను. అప్పట్లో చిన్న చిన్న సంస్థల వెబ్‌సైట్లు చూసుకునేవారి కోసం ఒక దినపత్రికలో శీర్షిక రాసేవాణ్ణి. ‘ఈ గురువారం నుంచి వర్డ్‌ప్రెస్‌లో రాసేవారందరికీ కొత్త ఎడిటర్ వస్తుంది’ అని అందులో రాశాను. సోమవారం ఉదయం ఒకావిడ ఫోన్ చేశారు. ఒక చేనేత సహకార సంఘం వెబ్‌సైట్ పని ఆవిడ చేతిలో ఉంది. ‘సార్, గురువారం అందరికీ మారుతుందని రాశారు గదా, నాకు మారలేదు, నేనేమైనా పాడుచేశానా?’ అని అడిగారు. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. కొత్తదానికి ఏదో అడ్డుపడుతోందని అనుమానించి ఆవిడ అప్పటికే రెండు ప్లగిన్లు (వర్డ్‌ప్రెస్‌కు అదనపు పనులు నేర్పే చిన్న ప్రోగ్రాములు) తీసేశారు; వాటిలో ఒకటి చీరల ఆర్డర్లు తీసుకునే ఫారానిది. శని, ఆదివారాల్లో ఆ సంఘానికి ఒక్క ఆర్డరూ రాలేదు. నేను ‘అందరికీ’ అని రాసినందుకు వాళ్లు చెల్లించిన మూల్యం అది.

నిజానికి జరిగినదేమిటంటే, 2013 అక్టోబరులో వచ్చిన 3.7 వెర్షన్ నుంచి వర్డ్‌ప్రెస్ చిన్న సవరణలను, భద్రతా సవరణలను తనంతట తానే వేసుకుంటోంది. 5.0 లాంటి పెద్ద వెర్షన్ మాత్రం ఆనాడు సైటు నడిపేవారు డ్యాష్‌బోర్డులో, అంటే సైటును నడిపే లోపలి తెరలో, బటన్ నొక్కితేనో, వారి తరఫున సైటుకు చోటిచ్చే హోస్టింగ్ సంస్థ నొక్కితేనో తప్ప వచ్చేది కాదు. కొత్తగా పెట్టే సైట్లకు పెద్ద వెర్షన్లు కూడా వాటంతటవే వచ్చే ఏర్పాటు 2020 డిసెంబరులో, 5.6 వెర్షన్‌తో గాని మొదలుకాలేదు. ఆ గురువారం 5.0 అందుబాటులోకి వచ్చింది. ఆవిడ ఇంకా బటన్ నొక్కలేదు గనుక ఆవిడ దాకా రాలేదు. ఈ రెంటి మధ్య ఉన్న దూరమే విడతలవారీ విడుదల గురించి రాసేవాడు కొలవవలసింది. తయారుచేసినవారు ‘విడుదల చేశాం’ అని ప్రకటించిన తేదీ ఒక్కటే ఉంటుంది. పాఠకుల తేదీలు ఎందరు పాఠకులుంటే అన్ని ఉంటాయి.

నీ వ్యాసం డిసెంబరు 6తో మొదలవుతుంది గాని, ఆ ఎడిటర్ అంతకు ఏడాదిన్నర ముందే జనంలోకి వచ్చింది. 2017 జూన్‌లో పారిస్‌లో జరిగిన వర్డ్‌ప్రెస్ వారి వర్డ్‌క్యాంప్ యూరప్ సభలో వర్డ్‌ప్రెస్ సహ వ్యవస్థాపకుడు మ్యాట్ ములెన్‌వెగ్ దాన్ని చూపించారు; అదే నెలలో గుటెన్‌బర్గ్ అన్న పేరుతో అది ప్లగిన్‌గా దొరికింది. (యూరప్‌లో అచ్చు పనికి ఆద్యుడైన గుటెన్‌బర్గ్ పేరు బాగా కుదిరింది. పేరా ఒక బ్లాకు, బొమ్మ ఒక బ్లాకు, శీర్షిక ఒక బ్లాకు. సీసపు అక్షరాలను ఒక్కొక్కటే పేర్చి పేజీ కట్టే కంపోజిటర్ పనిని చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది.) అది తొలి విడత. కావాలని వెతుక్కుని వేసుకున్నవారికే అది చేరింది. వారిలో చాలామంది ఒక్క నక్షత్రం ఇచ్చి తిట్టిపోశారు, ఆ తిట్లన్నీ తయారుచేసేవారు చదివారు.

మలి విడత 2018 ఆగస్టు 2న వచ్చిన 4.9.8. దీనికి నీ వ్యాసంలో అర వాక్యం ఇచ్చావు. నా లెక్కలో ఈ కథకు గుండెకాయ ఇదే. ఆ వెర్షన్ వేసుకున్న సైట్లలో డ్యాష్‌బోర్డు తెరవగానే పైన ఒక పెట్టె కనిపించేది: కొత్త ఎడిటర్ వస్తోంది, ఇప్పుడే వేసుకుని చూస్తారా, లేక పాతదే ఉంచే క్లాసిక్ ఎడిటర్ ప్లగిన్ వేసుకుంటారా అని అందులో రెండు దారులు చూపించారు. గుటెన్‌బర్గ్ పేరే విననివాడికి, తన పాటికి తాను రాసుకుంటున్నవాడికి, ఆ మార్పు మొదటిసారి ఎదురుపడిన చోటు అది. పైగా మార్పు రాకముందే దాన్ని వద్దనుకునే దారి కూడా చేతికిచ్చారు. ఆ పెట్టెను మూసేసి మరచిపోయినవాడు డిసెంబరులో 5.0 వేసుకుని ఎందుకు ఉలిక్కిపడ్డాడో, దాన్ని చదివి ప్లగిన్ వేసుకున్నవాడు ఎందుకు నిమ్మళంగా ఉన్నాడో చెప్పగలిగితే నీ వ్యాసానికి ప్రాణం వస్తుంది.

ఇక తేదీల సంగతి. 5.0ను మొదట నవంబరు 19న ఇస్తామన్నారు, తరువాత 27కు జరిపారు, చివరికి డిసెంబరు 6 అని కేవలం రెండు రోజుల ముందు చెప్పారు. ఆ మరునాడే నాష్‌విల్‌లో వర్డ్‌క్యాంప్ యూఎస్ సభ మొదలయింది. అమెరికాలో, యూరప్‌లో క్రిస్మస్ అమ్మకాల కాలం అది. సెర్చ్‌లో సైట్లు పైకి వచ్చేందుకు వాడే యోస్ట్ ప్లగిన్‌ను స్థాపించిన యూస్ట్ డి వాల్క్ వంటివారు విడుదలను జనవరికి జరపమని బహిరంగంగానే కోరారు. అంతకు ముందే, అక్టోబరులో, చూపు లేనివారికీ కీబోర్డుతో మాత్రమే పనిచేసేవారికీ కొత్త ఎడిటర్ సరిగా అందుబాటులో లేదన్న వివాదం నడుమ, ఆ పని చూసే బృందానికి నాయకురాలైన రియాన్ రీట్‌వెల్డ్ తప్పుకున్నారు. ఈ సంగతులన్నీ నీ దగ్గర ఉన్నాయి, కాని వాటిని ‘విమర్శలు’ అన్న ఉపశీర్షిక కింద చివర కుప్ప పోశావు. అవి చివర ఉండవలసినవి కావు. తెర మీది మాటలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ వాడే రచయితకు ఆ డిసెంబరులో వచ్చిన విడత, మౌస్ వాడే రచయితకు వచ్చిన విడత ఒకటి కావు. ఆ ఇద్దరినీ ఒకే పేరాలో పక్కపక్కన నిలబెట్టు. వేరే విమర్శ రాయనవసరం ఉండదు.

‘విడత’, ‘దశ’ అన్న మాటల దగ్గర నీ వ్యాసం పూర్తిగా చిక్కుపడింది. ఇంగ్లీషులో రెంటికీ ఒకే మాట వాడతారు కాబట్టి ఆధారాలు చదివేటప్పుడు నీకు తేడా కనిపించలేదనుకుంటాను. మన భాషలో ఆ సౌకర్యం ఉంది, వాడుకో. ఒకే వస్తువు కొందరికి ముందు, కొందరికి తరువాత అందడం విడత; పని తానే ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు పెరగడం దశ. తెలంగాణలో 2024లో రైతు రుణమాఫీ లక్ష లోపు బాకీకి మొదట, లక్షన్నర లోపు బాకీకి తరువాత, రెండు లక్షల లోపు బాకీకి చివర అని మూడు విడతలుగా వచ్చింది. ‘రెండో విడత’ అనగానే ‘ఎంతలోపు వారికి?’ అని ఏ రైతైనా అడిగాడు. నీ పాఠకుడు కూడా అదే అడుగుతాడు. గుటెన్‌బర్గ్‌కు నాలుగు దశలు అనుకున్నారు: రాయడం, సైటు మొత్తాన్ని బ్లాకులతో కట్టడం, పలువురు కలిసి పనిచేయడం, బహుభాషా సదుపాయం. 5.0 మొదటి దశకు ముగింపు మాత్రమే. 2021 జూలైలో 5.8తో విడ్జెట్లు (పేజీ పక్కన, అడుగున పెట్టే చిన్న పెట్టెలు) బ్లాకులయ్యాయి. 2021 డిసెంబరులో రావలసిన 5.9 వాయిదాపడి 2022 జనవరి 25న వచ్చి, థీమ్ (సైటు రూపురేఖలు) మొత్తాన్ని బ్లాకులతో మార్చుకునే సైట్ ఎడిటర్‌ను తెచ్చింది. దానికున్న బీటా (ఇంకా పరీక్షలో ఉంది) అన్న ముద్ర 2023 మార్చిలో, 6.2తో గాని పోలేదు. నీ వ్యాసం 5.9ను ‘గుటెన్‌బర్గ్ అయిదో విడత’ అంది. అది రెండో దశలోని ఒక వెర్షన్. నాలుగో దశ తెలుగులో, ఇంగ్లీషులో జంటగా సైటు నడిపేవారందరూ ఎదురుచూస్తున్నది. నేను ఈ ఉత్తరం రాసేనాటికి మన డ్యాష్‌బోర్డుల్లోకి రాలేదు.

కొత్త ఎడిటర్‌ను కట్టడానికి వాడిన ఫేస్‌బుక్ వారి ప్రోగ్రామింగ్ లైబ్రరీ రియాక్ట్ లైసెన్సు తగాదాకు ఒక పేజీ ఇచ్చావు. 2017 సెప్టెంబరులో ములెన్‌వెగ్ రియాక్ట్‌ను వదిలేస్తామనడం, వారం తిరిగేసరికి ఫేస్‌బుక్ దాన్ని షరతులు తక్కువగా ఉన్న ఎంఐటీ లైసెన్సులోకి మార్చడం రసవత్తరమైన ఘట్టమే. కాని పాత ఎడిటర్ ముందు కూర్చున్న రచయితకు దానివల్ల ఏమీ తేడా రాలేదు. ఒక వాక్యానికి కుదించు. కష్టపడి సేకరించినదాన్ని కొట్టేయడం బాధగానే ఉంటుంది, నాకు ఇప్పటికీ ఉంటుంది.

ఆ మిగిలిన చోటును వెనక్కు వెళ్లే దారికి కేటాయించు. దాని గురించి నువ్వు దాదాపు ఏమీ రాయలేదు. పాత పోస్టును కొత్త ఎడిటర్‌లో తెరిస్తే ఏమవుతుందో సామాన్యుడి మొదటి భయం. ఏమీ కాదు, అది మొత్తం ఒకే ‘క్లాసిక్’ బ్లాకులో కూర్చుంటుంది, మనం మార్చమని నొక్కితేనే ముక్కలు ముక్కలుగా విడిపోతుంది. బ్లాకుల హద్దులు పాఠంలోనే, చదివేవారికి కనిపించని హెచ్‌టీఎంఎల్ వ్యాఖ్యలుగా ఉంటాయి కాబట్టి, రేపు ఎడిటర్ తీసేసినా రాసినది పోదు. క్లాసిక్ ఎడిటర్ ప్లగిన్‌ను 2021 చివరి వరకు చూసుకుంటామని మొదట మాట ఇచ్చారు, ఆ తరువాత గడువు పొడిగించారు. ఆ ప్లగిన్ 50 లక్షలకు పైగా సైట్లలో నడుస్తోంది. ‘అందరి పని తీరూ మారిపోయింది’ అన్న నీ వాక్యం పక్కన ఈ అంకె పెట్టి చూడు.

‘విప్లవాత్మక’ అన్న విశేషణం నాలుగుసార్లు వాడావు. నాలుగూ తీసేయి. దాని బదులు ఒక ఆదివారం నీ కంప్యూటర్‌లో 4.9.8 వేసుకో, పాత వెర్షన్లన్నీ వర్డ్‌ప్రెస్ వారి సైటులోనే దొరుకుతాయి, దానికి తగిన పాత పీహెచ్‌పీ (వర్డ్‌ప్రెస్ రాసిన ప్రోగ్రామింగ్ భాష) కూడా పెట్టుకోవాలి. ఒక పోస్టు రాసి, అందులో ఒక పట్టికా ఒక బొమ్మా పెట్టి, బ్యాకప్ తీసి, అప్పుడు 5.0కు మార్చు. ఏ బటన్ ఎక్కడికి పోయిందో, నీ చేయి అలవాటుగా ఎక్కడికి వెళ్లి ఖాళీగా తిరిగి వచ్చిందో రాసుకో. ప్రకటనలు ఎన్ని చదివినా ఆ సంగతి వాటిలో దొరకదు.

రెండో ప్రతిని ఆగస్టు పెట్టెతో మొదలుపెట్టి పంపు. డిసెంబరు 6 ఎక్కడ వస్తుందో నీ ఇష్టం, మొదటి వాక్యంలో మాత్రం వద్దు.

ఆ సహకార సంఘం ఆవిడ విషయం సగంలో వదిలేశాను. ఆ సోమవారమే ఫోన్‌లో ఉండి ఇద్దరం కలిసి ఆర్డర్ల ఫారాన్ని తిరిగి నిలబెట్టాం. ఆవిడ 2019 వేసవిలో 5.0 దాటి వెర్షన్ మార్చారు, అదే రోజు క్లాసిక్ ఎడిటర్ వేసుకున్నారు, ఇప్పటికీ అందులోనే రాస్తున్నారు. కిందటి నెల ఫోన్ చేసినప్పుడు ‘కొత్తది ఇంకా నా దాకా రాలేదండీ’ అని నవ్వారు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి